జీరోకి అలవాటైన చెయ్యి

నేను చేసిన ఉద్యోగం ఏమిటో మా చర్చిలో చాలామందికి చివరిదాకా అర్థం కాలేదు. విమానాలు నేర్పే స్కూల్లో పని అంటే, అయితే నువ్వు విమానం నడుపుతావా అని అడిగేవారు. నడపను. ఒకే ఒక్కసారి ఎక్కాను, ఎక్కినందుకు వాంతి చేసుకుని దిగాను. నా పనంతా నేల మీదే. సిమ్యులేటర్ గదిలో, అంటే తెర మీద విమానం నడిపి నేర్చుకునే గదిలో, ఉండే జాయ్‌స్టిక్‌లనీ, థ్రాటిల్‌లనీ పిల్లల చేతులకి సరిపోయేలా అమర్చడం, పాడైతే బాగుచేయడం. జాయ్‌స్టిక్ విమానాన్ని తిప్పే కర్ర, థ్రాటిల్ ఇంజన్ బలాన్ని పెంచి తగ్గించే పిడి. ఈ రెండింటితోనే నా ఉద్యోగ జీవితం గడిచిపోయింది.

ఇప్పుడు ఈ సామాను బజారులో దొరుకుతోంది. టెల్కో కాలనీలో మా వీధిలోనే ఇద్దరు ముగ్గురి ఇళ్ళలో ఉంది. అమర్చి పెట్టమని నా దగ్గరికి వస్తుంటారు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు కూడా వస్తారు. వాళ్ళ కోసం రాస్తున్నాను. ఏ బొత్తాన్ని ఏ పనికి పెట్టాలో డబ్బాతో వచ్చే కాగితంలో ఉంటుంది కాబట్టి ఆ జోలికి పోను.

ముందు కుర్చీ

నాకు పని నేర్పిన పెద్దాయన మిత్రా దా. స్టీలు కర్మాగారంలో మీటర్లు బాగుచేసి రిటైరై, మళ్ళీ మా స్కూల్లో చేరినవాడు. బెంగాలీ, దా అంటే అన్న. పాన్ నములుతూనే మాట్లాడేవాడు, అందుకని ఆయన తిట్లు సగమే తెలిసేవి. కొత్త పిల్లలెవరొచ్చినా సరే, ముందు బల్ల మీదున్న సామానంతా తీయించేవాడు. కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని చేతులు ఎక్కడ హాయిగా ఉంటే అక్కడ పెట్టమనేవాడు. చేతులు పడ్డ చోట సుద్దముక్కతో గీత గీసి, జాయ్‌స్టిక్‌నీ థ్రాటిల్‌నీ అక్కడ బిగించేవాడు.

నాకు మొదట్లో ఇది చాదస్తంలా కనిపించేది. కంప్యూటర్‌లో రెండు అంకెలు మారిస్తే పోయేదానికి ఈ సుద్దముక్కలేమిటని గొణుక్కునేదాన్ని. తర్వాత నాకే తెలిసింది. మోచేతికి ఆనిక లేకపోతే మనిషి మణికట్టుతో కాకుండా భుజంతో కర్రని లాగుతాడు. భుజంతో లాగే చెయ్యి మోటుగా ఉంటుంది. దాన్ని చూసి కుర్రాళ్ళు కర్వ్ మార్చమని అడుగుతారు, అంటే కర్రని ఎంత కదిపితే విమానం ఎంత కదలాలనే లెక్క మార్చమని. కుర్చీ రెండు వేళ్ళు పైకెత్తితే పోయే జబ్బుకి కంప్యూటర్‌లో మందు వెతకడమంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట.

ఇంకో మాట. బజారులో దొరికే జాయ్‌స్టిక్‌లు చాలావరకు కుడిచేతి కోసం చేసినవి. కానీ మా చిన్న శిక్షణ విమానాల్లో నేర్చుకునేవాళ్ళు ఎడమ సీటులో కూర్చుంటారు. ఎడమ చేత్తో విమానాన్ని తిప్పాలి, కుడి చేత్తో థ్రాటిల్ పట్టుకోవాలి. ఇంట్లో అందంగా ఉందని కుడిచేతికి కర్ర పెట్టుకుని ఏడాదిపాటు ఆడుకుని మా దగ్గరికి వచ్చిన వీరులు, అసలు విమానంలో చేతులు తారుమారయ్యేసరికి బిక్కమొహం వేసేవారు. మీరు ఏ విమానం కోసం నేర్చుకుంటున్నారో చూసుకుని అమర్చుకోండి. అందం తర్వాత.

వణికే కర్ర, దుమ్ము, తొందర

మన ఊరి దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. ఉదయం తుడిచిన కిటికీ మీద సాయంత్రం పేరు రాయొచ్చు. ఆ దుమ్ము జాయ్‌స్టిక్ లోపలికి పోయి, చెయ్యి కదపకపోయినా తెర మీద విమానం తల ఊపేది. అప్పుడు అందరూ చేసే పని డెడ్ జోన్ పెంచడం. కర్ర నడిమధ్యన కాస్త కదిలినా కంప్యూటర్ పట్టించుకోకుండా వదిలేసే మేరని డెడ్ జోన్ అంటారు. అది పెంచితే వణుకు కనిపించదు, నిజమే. జ్వరం చూసే గొట్టాన్ని పారేస్తే జ్వరం కూడా కనిపించదు. విప్పండి, తుడవండి, అప్పటికీ వణికితే లోపలి భాగం మార్చండి.

విమానం నేలని తాకే ముందు చెయ్యి కదలాల్సింది గింజంత. డెడ్ జోన్ ఎక్కువగా ఉంటే ఆ గింజంత కదలిక విమానానికి చేరదు. పిల్లలు ఇంకా లాగుతారు, అప్పుడది ఒక్కసారిగా లేస్తుంది. ఆ లాగుడు చేతికి అలవాటై అసలు విమానంలోకి కూడా వెళ్తుంది. నేను ఈ ఉద్యోగంలో నేర్చుకున్న పెద్ద విషయం ఇదే. సామాను తప్పుగా ఉంటే అది సామానులో ఉండిపోదు, చేతిలోకి ఎక్కుతుంది. సామానుకి స్క్రూలున్నాయి. చేతికి లేవు.

లావణ్య

ఈ మాట నాకు పూర్తిగా అర్థమైంది లావణ్య వల్ల.

లావణ్య అగ్రికో కాలనీలో ఉండే అప్పన్న గారి కూతురు. అప్పన్న గారు స్టీలు కర్మాగారంలో క్రేన్ ఆపరేటర్. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊరికి వచ్చిన కుటుంబం. ఇంట్లో తండ్రి తెలుగులో అడిగితే ఆ పిల్ల హిందీలో జవాబిచ్చేది, నాతోనూ అంతే. చురుకైనది. పుస్తకంలో ఉన్నది మర్చిపోదు. విమానం ఎక్కితే మొహం వెలిగిపోయేది. అలాంటి పిల్లని కోర్సులోంచి తీసేస్తానని మా చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ ఒకరోజు నా గదికి వచ్చి చెప్పారు. ఆయన్ని అందరం కెప్టెన్ సాబ్ అనేవాళ్ళం. మంచి మనిషి, గట్టి మనిషి.

జరిగింది ఇది. విమానం దిగబోతూ ఏదైనా తేడాగా ఉంటే, దిగడం మానేసి మళ్ళీ పైకి లేచి ఇంకో చుట్టు తిరిగి రావాలి. దాన్ని గో అరౌండ్ అంటారు. ఇన్‌స్ట్రక్టర్ ఆ మాట అనగానే కుడి చేత్తో థ్రాటిల్‌ని పూర్తిగా ముందుకి నెట్టాలి. నేల దగ్గరవుతోంది కాబట్టి విమానానికి ఉన్న బలమంతా అప్పుడు కావాలి. లావణ్య నెట్టలేదు సరికదా, వెనక్కి లాగేసింది. ఇంజన్ ఊపిరి తగ్గిపోయింది. కెప్టెన్ సాబ్ ఆమె చేతిని తోసి తానే నెట్టారు కాబట్టి సరిపోయింది. వారం తిరక్కుండా మళ్ళీ అదే జరిగింది.

పిల్ల భయపడుతోందని ఆయన తీర్పు. ఇంకో పరీక్ష పెడతాననీ, మళ్ళీ అదే చేస్తే ఇంటికి పంపేస్తాననీ చెప్పారు. నేను తప్పుబట్టలేదు. రేపు ఒంటరిగా విమానం తీసుకెళ్తే పక్కన తోసే చెయ్యి ఉండదు కదా.

లావణ్యని నా గదిలో కూర్చోబెట్టి తెర మీద విమానం దింపమన్నాను. రన్‌వే దగ్గర పడగానే నేనే గో అరౌండ్ అన్నాను. నా నోట్లో మాట పూర్తికాలేదు, ఆమె కుడిచెయ్యి థ్రాటిల్‌ని చివరంటా వెనక్కి లాగేసింది. అప్పుడు నాకొక సంగతి కొట్టొచ్చినట్టు కనిపించింది. భయపడిన చెయ్యి ఆలస్యంగా కదులుతుంది, తడబడుతుంది. ఈ చెయ్యి తడబడలేదు. బాగా నేర్చుకున్న పని చేసినట్టు చేసింది. ఎవరో నేర్పారు.

ఇంకోటి కూడా చూశాను. మామూలుగా బలం పెంచేటప్పుడు కూడా ఆమె థ్రాటిల్‌ని నున్నగా జరపదు. ఒక్కో మెట్టు ఎక్కినట్టు కాస్త నెట్టి ఆగుతుంది, మళ్ళీ కాస్త నెట్టి ఆగుతుంది. నా థ్రాటిల్‌లో మెట్లు లేవు.

ఇంట్లో సాధన చేస్తావా అని అడిగితే, నాన్న ఒక సెట్టు తయారుచేశాడని మురిసిపోతూ చెప్పింది. ఆయన పొద్దుటి షిఫ్టు చేసి వచ్చిన రోజుల్లో సాయంత్రం ఇద్దరూ వంతులేసుకుని ఆడతారట. అమ్మ పిలిచినా భోజనానికి లేవరట.

అప్పన్న గారి సెట్టు

ఆదివారం చర్చి అయ్యాక అగ్రికో వెళ్ళాను. అప్పన్న గారు బనీను మీద చొక్కా తొడుక్కుంటూ ఎదురొచ్చి, టీ పెట్టించి, టీ రాకముందే నన్ను సెట్టు దగ్గరికి తీసుకెళ్ళారు. చూపించాలని ఆయనకి అంత తొందర.

చూస్తే నాకు ముచ్చటేసింది. పాత జాయ్‌స్టిక్ ఒకటి కొని ఎడమ పక్కన బిగించారు. అటూ ఇటూ సరిగ్గా అమర్చిందెవరని అడిగితే, విమానంలో పాప చేతులు ఎలా పెడుతుందో అడిగి తెలుసుకున్నానన్నారు. థ్రాటిల్ మాత్రం ఆయన సొంతం. చెక్కపెట్టె మీద ఇనప పిడి, దాని పక్కన పళ్ళు కోసిన పట్టీ. పిడి జరిపితే ఒక్కో పంటి దగ్గర టక్కుమని ఆగుతుంది. అడుగున ఒక స్ప్రింగు. పిడి వదిలేయగానే అది వెనక్కి వచ్చి సున్నా దగ్గర పడుతుంది. అచ్చంగా క్రేన్ కేబిన్‌లో ఉండే పిడే అది.

"స్ప్రింగు నానే ఏసేనమ్మా," అన్నారు అప్పన్న గారు. "సెయ్యొగ్గేత్తే దానికదే జీరోకి వచ్చేత్తాది. ఎవులికీ ఏటీ అవదు."

కూతురికి ఇంకేం నేర్పారని అడిగాను. దాచుకోవడానికి ఏముంది, చెప్పారు. క్రేన్‌లో కొక్కేనికి కరిగిన ఉక్కు బాన వేలాడుతుంటుంది. కింద మనుషులు తిరుగుతుంటారు. బరువు ఊగినా, ఎవరు రోకో అని, అంటే ఆపమని, అరిచినా, అరిచింది కొత్తగా చేరిన కాంట్రాక్టరు మనిషైనా సరే, ఎందుకని అడగకుండా పిడి జీరోకి తేవాలి. బ్రేకు పట్టేసి బరువు ఉన్నచోటే ఆగిపోతుంది. కంగారొస్తే ముందు జీరో, ఆలోచన ఆ తర్వాత. ఇన్నేళ్ళలో ఆయన క్రేన్ కింద ఒక్క మనిషికి గీత పడలేదు. ఆ చెయ్యినే కూతురికి ఇచ్చారు. సాయంత్రాలు ఆమె వెనక నిలబడి, ఉన్నట్టుండి రోకో అని అరిచి, ఎంత వేగంగా జీరోకి తెస్తుందో చూసేవారట. కూతురు పడిపోకుండా ఉండాలని ఒక తండ్రి తనకి తెలిసిన అన్నిటికంటే మంచి జాగ్రత్త నేర్పాడు. గాలిలో బరువుని వేలాడదీసే క్రేన్‌కి సున్నా అంటే ఆగడం. గాలిలో ఎగిరే విమానానికి, అదీ నేల దగ్గర, సున్నా అంటే పడటం.

ఈ మాట ఆయనతో ఎలా అనాలో నాకు తోచలేదు. ఉద్యోగంలో చాలామందిని కసిరాను, ఈయన్ని కసరలేను. చివరికి, ఒకసారి మీరు దింపండి, చూస్తానని ఆయన్నే కుర్చీలో కూర్చోమన్నాను. గో అరౌండ్ అంటే ఏమిటో, అప్పుడు పిడి ఎటు నెట్టాలో ముందే విడమరిచి చెప్పాను. అర్థమైందన్నారు. ఉత్సాహంగా దింపుతున్నారు. రన్‌వే ఇంకా కొంచెం దూరం ఉండగా గట్టిగా గో అరౌండ్ అన్నాను.

పిడి టకటకమని వెనక్కి వచ్చి జీరోలో పడింది. తెర మీద విమానం రన్‌వేకి ఇవతలే నేలని కొట్టుకుంది.

అప్పన్న గారు తెర వంక చూడలేదు. తన కుడిచేతి వంక చూసుకున్నారు. ఎటు నెట్టాలో తెలుసు, నెట్టాలనే అనుకున్నారు, అయినా చెయ్యి తన దారిన తాను పోయింది. వెనక నిలబడ్డ లావణ్యకి కూడా అప్పుడే అర్థమైంది. కోయీ బాత్ నహీ పాపా, ఫరవాలేదు నాన్నా అని ఆయన భుజం పట్టుకుంది.

"పాపది భయం కాదమ్మా," అన్నారాయన నాతో. "అది నా సెయ్యి. నా సెయ్యి దానికి వచ్చేసినాది."

పట్టకారు తెచ్చి, తానే స్ప్రింగు తీసేశారు. పళ్ళ పట్టీ విప్పేశారు. నేను పిడి అడుగున మందపాటి ఉన్నిగుడ్డ ముక్క పెట్టి, స్క్రూతో బిగించాను. ఇప్పుడు పిడి ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది, నున్నగా జరుగుతుంది. టీ చల్లారిపోయింది. మళ్ళీ పెట్టించారు.

రెండు అలవాట్ల మధ్య

సామాను మార్చడం ఒక పూట పని. చేతిని మార్చడం అలా కాదు. నేర్పినవాళ్ళే మాన్పించాలని నాకనిపించి, వెనక నిలబడి అరిచే పని అప్పన్న గారికే అప్పగించాను. ఇప్పుడు రోకో బదులు గో అరౌండ్. అరిచిన ప్రతిసారీ చెయ్యి ముందుకే.

మొదట పరిస్థితి ఇంకా చెడింది. లావణ్య చెయ్యి వెనక్కీ పోదు, ముందుకీ పోదు, మధ్యలో ఆగిపోతుంది. పాత అలవాటు చెడి కొత్తది పట్టని చెయ్యి చూడటానికి జాలేస్తుంది. స్కూల్లో నా గదిలో ఒకసారి ఏడ్చేసింది కూడా. ఆంటీ, ముఝ్‌సే నహీ హోగా అంది, నావల్ల కాదని. నాకు ఓదార్చడం చేతకాదు. ముక్కు తుడుచుకుని మళ్ళీ దింపమన్నాను. కెప్టెన్ సాబ్ దగ్గరికి వెళ్ళి పరీక్ష కొన్నాళ్ళు వెనక్కి జరపమని అడిగాను. క్రేన్ కథ విని ఆయన నవ్వలేదు, నమ్మనూ లేదు. పిల్లల్ని నేను వెనకేసుకొస్తానని ఆయనకి ఎప్పుడూ అనుమానమే. అయినా గడువిచ్చారు. అదే ఆఖరు అన్నారు.

నేను వారం వారం అగ్రికో వెళ్తుండేదాన్ని. వెళ్ళిన ప్రతిసారీ చూశాను, అప్పన్న గారు కుర్చీలో కూర్చోవడం లేదు. కూతురితో వంతులేసుకుని ఆడిన మనిషి, ఆమె వెనక చేతులు కట్టుకుని నిలబడి అరవడం తప్ప పిడి ముట్టడం లేదు. అలిగారేమో అనుకున్నాను. తప్పు తనదని బాధపడుతున్నారేమో అనుకున్నాను. మీరూ కూర్చోండి, ఇద్దరూ నేర్చుకుంటే సరదాగా ఉంటుందని లాగబోయాను.

"నాను ముట్టనమ్మా," అన్నారు. "నాకూ ఆడాలనే ఉంటాది. కానీ దీంతో నా సెయ్యి మారిపోతే? రేపు కేబిన్‌లో ఎవుడైనా రోకో అంటే సెయ్యి ముందుకెల్లిపోతే? కింద మనుసులుంటారు."

నేను లాగడం మానేశాను. అన్నేళ్ళు చేతులకి సామాను అమర్చినదాన్ని, ఆ చెయ్యి సాయంత్రం ఇంటికెళ్ళి ఇంకేం చేస్తుందో, రేపు పొద్దున ఏ పని పట్టుకుంటుందో ఎన్నడూ అడిగి ఎరగను. ఈ పనిలోకి వచ్చే పిల్లలకి ఇదొక్కటే గట్టిగా చెప్తాను. అడగండి. ఏం పని చేస్తారు, బండి నడుపుతారా, యంత్రం నడుపుతారా, ఇంట్లో ఎవరు నేర్పారు అని అడగండి. కర్వ్ గురించి తర్వాత చూసుకోవచ్చు.

పరీక్ష రోజు నేను గదిలో ఉండలేక బయటికొచ్చి నిలబడ్డాను. విమానం దిగడానికి వస్తోంది. బాగా కిందికి వచ్చేసింది. కెప్టెన్ సాబ్ ఆ మాట అనేదాకా ఎంత కిందికి రానిస్తారో నాకు తెలుసు, ఆయన దయదలిచే మనిషి కాదు. ఉన్నట్టుండి ఇంజన్ గట్టిగా అందుకుంది. ఆ చప్పుడు మధ్యలో ఆగలేదు, తగ్గలేదు. విమానం నా తల మీదుగా పైకి వెళ్ళిపోయింది. ప్రభువా అన్నాను.

దిగాక కెప్టెన్ సాబ్ నా దగ్గరికి వచ్చి, ఆ క్రేన్ ఆపరేటర్‌ని ఒకసారి కలవాలని ఉందన్నారు. లావణ్య తన తండ్రికి ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు. షిఫ్టులో ఫోన్ లాకర్‌లో ఉంటుంది. ఆగలేక నన్ను స్కూటీ మీద ఎక్కించుకుని కర్మాగారం గేటు దగ్గరికి తీసుకెళ్ళింది. రెండు గంటల సైరన్ మోగాక అప్పన్న గారు జనంలోంచి బయటికొచ్చారు. దూరం నుంచే ఆ పిల్ల కుడి అరచెయ్యి ముందుకి నెట్టి చూపించింది. ఆయన ఆగిపోయి, హెల్మెట్ తీసి, మొహం తుడుచుకున్నారు. ఈ సాయంత్రం మనిద్దరం కలిసి ఆడదాం నాన్నా అని ఆమె హిందీలో బతిమాలింది. నువ్వు ఆడు, నేను అరుస్తానని ఆయన తెలుగులో చెప్పారు.

లావణ్య ఇప్పుడు వేరే ఊళ్ళో కొత్త పిల్లలకి విమానం నేర్పుతోంది. అప్పన్న గారు మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి కేబిన్‌లోనే పనిచేశారు. ఆ సెట్టు ముందు ఆయన కూర్చోలేదు. కూతురు సెలవులకి వచ్చినప్పుడు వెనక నిలబడి చూసేవారట, అంతే.

ఆయన నా తర్వాత రిటైరయ్యారు. కర్మాగారంలో దండ వేసి పంపిన మరుసటి రోజు పొద్దున్నే మా ఇంటికి వచ్చారు. ఏమైందోనని కంగారుపడి తలుపు తీశాను. చంకలో ఆ చెక్కపెట్టె పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. లోపలికి రమ్మన్నా వెంటనే రాలేదు, అడగడానికి సిగ్గుపడ్డారు.

"ఇంక నా కింద ఎవులూ లేరమ్మా," అన్నారు. "ఇప్పుడు నాకూ నేర్పండి."